ఆరేళ్ల పాపకు ఒక కన్నే కనిపిస్తోందట, బాగున్న కంటికి ప్యాచ్ వేయమంటున్నారు: తెలిసినవాళ్లు చెప్పండి

పల్నాటి_అమ్మ (నరసరావుపేట) | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పాపకు ఆరేళ్లు నిండాయి, ఒకటో తరగతి. పోయిన నెల స్కూల్లో కంటి పరీక్షలు చేశారు. ఎడమ కన్ను మూసి చదివిస్తే గడగడా చదివిందట. కుడి కన్ను మూయగానే పై రెండు వరుసలు చెప్పి ఆగిపోయిందట. ముందు మేం నమ్మలేదు. సూదిలో దారం ఎక్కిస్తుంది, టీవీ దూరం నుంచే చూస్తుంది, తలనొప్పి అని ఏనాడూ అనలేదు.

గుంటూరు తీసుకెళ్లి చుక్కలు వేయించి చూపించాం. కుడి కంటికి ప్లస్ 1, ఎడమ కంటికి ప్లస్ 4.75 అన్నారు. అద్దాలు పెట్టి చూసినా ఎడమ కన్ను 6/24 దగ్గరే ఆగింది. అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివేదాన్ని ఇది 6 మీటర్ల నుంచి చదువుతోందట, బాగున్న కంటికి 6/6 రావాలట. దీన్ని సోమరి కన్ను అంటారట. ముందు కొన్ని వారాలు అద్దాలు వాడాలి, ఆ తర్వాత బాగున్న కుడి కంటికి రోజుకు రెండు గంటలు ప్యాచ్ వేయాలి అన్నారు.

ఇంట్లో ఎవరికీ మనసొప్పడం లేదు. మా అత్తయ్య గారు "ఇంత చిన్నపిల్లకు అద్దాలేంటి, అలవాటైతే సైట్ ఇంకా పెరుగుతుంది, పొన్నగంటి కూర పెట్టు చాలు" అంటున్నారు. ఆడపిల్లకు కళ్లజోడు అంటే రేపు సంబంధాల దగ్గర మాట వస్తుందని ఆవిడ బాధ. మా ఆడపడుచు ఏవో కంటి వ్యాయామాల వీడియోలు పంపింది. నా టెన్షన్ మాత్రం వేరే. బాగున్న కన్ను మూసేస్తే అది కూడా పాడైపోదా?

ఏలూరు_ఆప్టోమ్ (ఏలూరు) | సోమవారం, రాత్రి 10.25

అమ్మా, నేను ఆప్టోమెట్రిస్టుని, పిల్లల కళ్ల పరీక్షే నా రోజువారీ పని. మీకు చెప్పినది సరైన చికిత్సే. ఎందుకో చెబుతాను, అది తెలిస్తే ఇంట్లో ఒప్పించడం తేలికవుతుంది.

మనం చూసేది కంటితో ఎంతో మెదడుతో అంత. పుట్టిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్ల దాకా మెదడు రెండు కళ్ల నుంచి వచ్చే బొమ్మలను చదవడం నేర్చుకుంటూ ఉంటుంది. మీ పాప ఎడమ కంట్లో ప్లస్ ఎక్కువ కాబట్టి ఆ కంటి బొమ్మ ఎప్పుడూ మసకే. కుడి కన్ను స్పష్టంగా పంపుతోంది. మెదడు స్పష్టంగా ఉన్నదాన్నే తీసుకుని, మసకగా ఉన్నదాన్ని వదిలేస్తూ వచ్చింది. కంట్లో జబ్బేమీ లేకపోయినా ఆ కంటితో చూడటం మెదడుకు రాలేదు. అందుకే అద్దాలు పెట్టగానే 6/6 రాలేదు. ముందు అద్దాలతో ఆ బొమ్మ స్పష్టం కావాలి, తర్వాత మెదడు దాన్ని వాడుకునేలా కాసేపు రెండో కన్ను పక్కకు తప్పుకోవాలి.

పాప ఎందుకు చెప్పలేదు అంటారా? తనకు తెలియదు కాబట్టి. రెండు కళ్లూ తెరిచి ఉంటే తనకు ప్రపంచం బాగానే కనిపిస్తోంది. సూదిలో దారం ఎక్కించేది కుడి కన్నే. ఒక కన్ను బాగుండి రెండో కన్ను బాగోలేని పిల్లల్ని అమ్మానాన్నలు కనిపెట్టడం దాదాపు అసాధ్యం. మెల్లకన్ను ఉంటే అద్దంలోనో ఫోటోలోనో పట్టుబడుతుంది. ఇది బయటికి కనిపించదు.

బాగున్న కన్ను పాడైపోతుందన్న భయం వద్దు. రోజుకు రెండు గంటలకు అలా జరగడం చాలా అరుదు. ఆ కన్ను కూడా చూస్తూ ఉండాలనే మధ్యమధ్యలో చెకప్‌కి రమ్మంటారు. అమెరికాలో పిల్లల కంటి పరిశోధకుల బృందం ఒకటి ఏడేళ్లలోపు పిల్లలపై అధ్యయనం చేసి 2003లో ఫలితాలు ప్రచురించింది. మీ పాపలా ఒక మోస్తరు సోమరి కన్ను ఉన్నవాళ్లకు రెండు గంటల ప్యాచ్, ఆరు గంటల ప్యాచ్ ఒకేలా పనిచేశాయి. అందుకే రెండు గంటలు చాలన్నారు.

మానేరు_నాన్న (కరీంనగర్) | సోమవారం, రాత్రి 11.05

మా బాబుకు ఐదేళ్లప్పుడు ఇదే చెప్పారు. ప్యాచ్ గురించి పనికొచ్చేవి కొన్ని చెప్తా అక్కా.

ప్యాచ్‌ను చర్మానికి అంటించి దానిపైన కళ్లజోడు పెట్టాలి. అద్దం మీద గుడ్డ కట్టామనుకోండి, ముక్కు పక్క సందులోంచి బాగున్న కంటితోనే చూస్తారు. మనకు తెలియదు, వాళ్లకూ తెలియదు. మావాడు ఒక రోజు తల పక్కకు వంచి బొమ్మల పుస్తకం చూస్తుంటే మా అమ్మ పట్టుకుంది.

ఎండాకాలం చెమటకు చర్మం ఎర్రబడుతుంది. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు. దూదిని గోరువెచ్చని నీళ్లలో ముంచి అంచుల్ని తడిపి మెల్లగా తీయండి. రోజూ ఒకే చోట కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి అంటించండి. మందుల షాపులో పిల్లల సైజు విడిగా అడగాలి, పెద్దవాళ్లది పెడితే బుగ్గ మీదికి వస్తుంది.

మొదటి వారం నరకమే. మావాడు ఏడ్చేవాడు, గోడకు తగులుకునేవాడు. ఒక్కసారి ఆలోచించండి, సరిగా కనిపించని కంటితో బతకమంటున్నాం కదా వాడిని. కోప్పడకండి. ఆ రెండు గంటలూ మేము పక్కనే కూర్చునేవాళ్లం. ముగ్గు చుక్కలు కలపడం, పెసలు మినుములు కలిపి పోసి ఏరించడం, బొమ్మలకు రంగులు వేయించడం. దగ్గరి పని చేయిస్తే మంచిదని డాక్టర్ చెప్పారు. స్కూలుకు ప్యాచ్‌తో పంపలేదు, సాయంత్రం ఇంట్లోనే.

ఇప్పుడు మూడో తరగతి. ఆ కన్ను 6/9 చదువుతోంది. అద్దాలు ఉన్నాయి, ప్యాచ్ ఆగింది. చెకప్‌లకు మాత్రం తప్పకుండా వెళ్తున్నాం, ప్యాచ్ ఆపాక కొంతమందికి చూపు మళ్లీ తగ్గుతుందట.

బామ్మ_కబుర్లు (రాజమహేంద్రవరం) | మంగళవారం, ఉదయం 6.15

అమ్మాయీ, మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. మా కాలంలో ఇంట్లో పెద్దవాళ్లందరి మాటా అదే. మెల్లకన్ను ఉంటే అదృష్టం అనేవారు. మా పెత్తల్లి కూతురికి చిన్నప్పుడు కన్ను లోపలికి తిరిగితే లక్ష్మీకళ అని మురిసిపోయారు. పెద్దయ్యాక ఆ కంటితో అక్షరం ముక్క కనిపించేది కాదు. ఇప్పుడు డెబ్బై దాటింది, బాగున్న కంటికి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు ఇంట్లో అందరికీ గుండె దడ. ఉన్నది ఒక్క కన్నే కదా.

డాక్టరు బాబూ, ఒక్క మాట అడుగుతాను. అద్దాలు పెడితే సైట్ పెరుగుతుందని నేనూ నమ్మేదాన్నే. నా మనవరాలికి ఏడాదికేడాది అద్దం మందం పెరుగుతూనే ఉంది మరి. అదెందుకు?

ఏలూరు_ఆప్టోమ్ | మంగళవారం, మధ్యాహ్నం 1.30

బామ్మ గారూ, మంచి ప్రశ్న. నేను డాక్టర్ని కాదండీ, ఆప్టోమెట్రిస్టుని. మీ మనవరాలిది మైనస్ పవర్, అంటే దూరంవి మసకగా కనిపించేది అయి ఉంటుంది. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 24 దాకా పెరుగుతుంది. కొందరిలో ఇంకా సాగుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ వస్తుంది. పిల్ల పెరిగే వయసులో కన్నూ పెరుగుతుంది, పవర్ మారుతుంది. అద్దం పెట్టడం ఒక వైపు, కన్ను సాగడం ఇంకో వైపు ఒకేసారి జరుగుతున్నాయి కాబట్టి అద్దమే కారణమనిపిస్తుంది.

కావాలని తక్కువ పవర్ అద్దాలు ఇస్తే సైట్ పెరగడం ఆగుతుందేమోనని మలేసియాలో పరీక్షించి చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితంలో తక్కువ పవర్ పెట్టుకున్న పిల్లలకే సైట్ ఇంకాస్త ఎక్కువగా పెరిగింది. కాబట్టి "కొంచెం తగ్గించి రాయండి" అని అడగడం పిల్లలకు మంచిది కాదు.

పొన్నగంటి కూర, మునగాకు, క్యారెట్ తప్పకుండా పెట్టండి. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, నల్లగుడ్డు దెబ్బతింటుంది. కానీ కూరతో కనుగుడ్డు పొడవు మారదు, ప్లస్ 4.75 తగ్గదు. కంటి వ్యాయామాలూ అంతే.

పల్లెబడి_టీచర్ (ఆదోని మండలం) | మంగళవారం, సాయంత్రం 5.50

ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఈ విషయం మీద నాకు చాలా బాధ ఉంది, కాస్త పెద్దగా రాస్తున్నాను.

చూపు సరిగా లేని పిల్లవాడు క్లాసులో ఎలా ఉంటాడో తెలుసా? అల్లరి చేస్తాడు, లేదంటే అసలు మాట్లాడడు. నల్లబల్ల మీద రాసింది ఎక్కించుకోమంటే పక్కవాడి నోట్సులోంచి ఎక్కించుకుంటాడు. పక్కవాడు రాకపోతే ఆ రోజు పేజీ ఖాళీ. "మొద్దు" అనే పేరు పడిపోతుంది. ఇంట్లో కూడా అదే పేరు. మా బడిలో నాలుగో తరగతి పిల్లాడొకడు ఒత్తులు, గుణింతాలు తప్పుగా రాసేవాడు. కంటి పరీక్షలో రెండు కళ్లకూ మైనస్ 3 పైనే వచ్చింది. అద్దాలు పెట్టిన రోజు బయటికి వచ్చి వేపచెట్టు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆకులు విడివిడిగా ఉంటాయని వాడికి అప్పటిదాకా తెలియదు.

పథకాలు లేవని కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలుపెట్టిన కంటి వెలుగులో ముందు బడి పిల్లలకే పరీక్షలు చేశారు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వస్తాయి, పద్దెనిమిదేళ్ల దాకా చూస్తాయి. కష్టమంతా పరీక్ష అయిన తర్వాత. పెద్దాసుపత్రికి రాసిస్తే కూలి పోతుందని తీసుకెళ్లరు. అద్దాలు వచ్చినా పెట్టెలోనే ఉంటాయి, పెట్టుకుంటే "సోడాబుడ్డి" అని ఏడిపిస్తారు. ఏడాది తిరిగేసరికి పవర్ మారుతుంది, మళ్లీ చూసేవాళ్లు ఉండరు.

మా బడిలో ఇప్పుడు అద్దాలున్న పిల్లల పేర్లు హాజరుపట్టీ పక్కనే రాసి పెడుతున్నాం. ప్రార్థన అయ్యాక పెట్టుకున్నారా లేదా అని చూస్తాం. గాజు గీతలు పడిందా, పుల్ల విరిగిందా అని కూడా. ఏడిపించిన పిల్లలతో ఒకసారి ఆ అద్దాలు పెట్టించి బోర్డు చదివించాం. తమకు మసకగా కనిపించేసరికి వాడికి అద్దాలు లేకుండా ఎలా ఉంటుందో అర్థమైంది. ఆ తర్వాత ఆ మాట తగ్గింది.

టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఒక విన్నపం. ఆరు మీటర్ల దూరం టేపు పెట్టి కొలవండి. ఒక కన్ను మూసేటప్పుడు పిల్లలు వేళ్ల సందులోంచి చూస్తారు, అరచేతితో మూయించండి. ముందు చదివిన వాళ్లది విని తర్వాతి వాళ్లు బట్టీపట్టి చెప్పేస్తారు, కాబట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలవండి.

ఏలూరు_ఆప్టోమ్ | మంగళవారం, రాత్రి 8.10

టీచర్ గారూ, మీకు దండం. ఇంకొక్కటి. ప్లస్ పవర్ పిల్లల్లో కొందరు బడి పరీక్షలో 6/6 చదివేస్తారు. చిన్నపిల్లల కంటి కండరం బలంగా బిగించి పవర్‌ను దాచేస్తుంది. వాళ్లకు దూరం బాగానే ఉంటుంది, చదవమంటే కాసేపటికి కళ్లు నులుముకుని పుస్తకం మూసేస్తారు. చార్టు మీద పాసైనా ఇలాంటి పిల్లల్ని పంపండి. చుక్కలు వేసి ఆ కండరాన్ని వదులు చేశాకే అసలు పవర్ తెలుస్తుంది. చుక్కలు వేయకుండా ఒక్క కంప్యూటర్ పరీక్షతో పిల్లలకు అద్దాలు రాయించొద్దు అనేది ఇందుకే. లేని మైనస్ కూడా చూపిస్తుంది ఆ యంత్రం.

కళ్లజోళ్ల_కొట్టు (తెనాలి) | బుధవారం, ఉదయం 10.00

మాది మూడు తరాల కళ్లజోళ్ల షాపు. పల్నాటి అక్కకు చెప్పాల్సింది ఉంది.

ప్లస్ 4.75 అద్దానికి ఫ్రేమ్ ఎంత చిన్నదైతే అంత మంచిది, బరువు, మందం తగ్గుతాయి. అద్దం నడిమధ్య పాప కంటిపాపకు ఎదురుగా రావాలి. ముక్కు మీంచి జారిపోయే ఫ్రేమ్ అయితే పాప అద్దం పై అంచు మీంచి చూస్తుంది, మీరు పెట్టిన డబ్బు దండగ. పిల్లలకు ముక్కు ఎముక ఇంకా లేవదు కాబట్టి మెత్తటి సిలికాన్ ముక్కు ఉన్నదీ, వెనక సాగే బెల్టు ఉన్నదీ అడగండి. అద్దం పాలీకార్బొనేట్ తీసుకోండి, బంతి తగిలినా ముక్కలై కంట్లో పడదు. ఒకే కంటితో బతుకుతున్న పిల్లకు ఆ రక్షణ చాలా ముఖ్యం. అక్క అద్దాలు చెల్లికి సరిపోతాయని పెట్టకండి.

బ్లూ కట్ కోటింగ్ (ఫోన్, కంప్యూటర్ల నీలి కాంతిని ఆపే పూత) కావాలా అని రోజూ అడుగుతారు. అవసరం లేదనే చెబుతాను. 2023లో పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసిన కోక్రేన్ సమీక్షలో కూడా కళ్ల అలసట తగ్గుతుందన్న ఆధారం దొరకలేదు. ఆ డబ్బు మంచి ఫ్రేమ్‌కి పెట్టండి.

మెర్లయన్_అమ్మ (సింగపూర్) | బుధవారం, ఉదయం 11.20

మా అబ్బాయిది వేరే కథ, రెండు కళ్లకూ మైనస్. ఇక్కడ పిల్లల్లో మయోపియా (మైనస్ పవర్) చాలా ఎక్కువ, స్కూల్లోనే ఏటా చూస్తారు. మావాడికి ఏడేళ్లకే మైనస్ 1.50 వచ్చింది, అది పెరగకుండా రాత్రి పడుకునే ముందు అట్రోపిన్ చుక్కలు వేస్తున్నాం. హైదరాబాద్‌లో మా చెల్లెలు కూడా వాళ్ల పాపకు వేయిస్తోంది. బామ్మ గారి మనవరాలి గురించి డాక్టర్‌ని అడగమని చెప్పాలనిపించింది.

కోనసీమ_రమ్య (అమలాపురం) | బుధవారం, మధ్యాహ్నం 12.05

అట్రోపిన్నా? అమ్మో. మా బాబుకు పవర్ చూడ్డానికని అట్రోపిన్ వేశారు, వారం పైనే దగ్గరి అక్షరాలు కనిపించలేదు. ఎండలోకి వస్తే కళ్లు మూసేసేవాడు, మొహం ఎర్రబడి ఒళ్లు వేడెక్కింది. అది రోజూ ఎలా వేస్తారు?

ఏలూరు_ఆప్టోమ్ | బుధవారం, మధ్యాహ్నం 2.45

రమ్య గారూ, మందు ఒకటే, గాఢత వేరు. పవర్ చూడటానికి వేసేది 1 శాతం. దాని ప్రభావం వారం, రెండు వారాలు కూడా ఉంటుంది. జ్వరం, మొహం ఎర్రబడటం వస్తే వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పాలి. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలలో ఒక నిమిషం వేలితో అదిమి ఉంచితే మందు ఒంట్లోకి పోవడం తగ్గుతుంది. అదే 1 శాతం మందును ప్యాచ్ అసలు ఒప్పుకోని పిల్లలకు బాగున్న కంట్లో వేసి, ఆ కంటిని కాసేపు మసకబార్చే పద్ధతి కూడా ఉంది.

మైనస్ పెరగకుండా వేసేది 0.01 శాతం నుంచి 0.05 శాతం లోపు. 2012లో సింగపూర్ పరిశోధన 0.01 మీద ఆశ కలిగించింది. ఆ తర్వాత హాంకాంగ్‌లో మూడు గాఢతలను పోల్చినప్పుడు 0.05 ఎక్కువ పనిచేసింది. 2023లో అమెరికాలో చేసిన అధ్యయనంలో 0.01కీ మందు లేని ఉత్త చుక్కలకీ తేడా కనిపించలేదు. కాబట్టి ఏ గాఢత, ఎన్నాళ్లు అన్నది పిల్లల కంటి డాక్టరే నిర్ణయించాలి. వచ్చిన మైనస్‌ను ఇది తగ్గించదు, పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. అలాగే పనిచేసే ప్రత్యేక అద్దాలూ మన దగ్గర దొరుకుతున్నాయి, ధర ఎక్కువ.

డబ్బు ఖర్చు లేనిది ఆరుబయలు. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట క్లాసు పెట్టారు. మూడేళ్ల తర్వాత ఆ బడుల్లో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. 2015లో ఈ లెక్క వచ్చింది. తైవాన్‌లో రోజుకు రెండు గంటలు బయట ఉండాలని బడులకే చెబుతారు. మన ఎండలకు మధ్యాహ్నం పంపక్కర్లేదు. పొద్దునా సాయంత్రం చెట్టు నీడలో ఆడుకున్నా గదిలోని వెలుతురుకు ఎన్నో రెట్లు ఎక్కువే అందుతుంది.

ఇంటర్_బైపీసీ (విజయవాడ) | బుధవారం, రాత్రి 10.50

అందరూ చిన్నపిల్లల గురించే మాట్లాడుతున్నారు, మా గురించి కూడా చెప్పండి అన్నా. నేను ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్. గ్రౌండ్ అని పేరుకుంది, అక్కడ బస్సులు నిలబెడతారు. చేరినప్పుడు మైనస్ 5, ఇప్పుడు మైనస్ 7. సెలవు అడిగితే పరీక్షలయ్యాక చూపించుకో అంటారు. ఈ మధ్య కళ్ల ముందు నల్లటి దారాల్లాంటివి తేలుతున్నాయి. పద్దెనిమిది నిండగానే లేజర్ చేయించుకుంటే అంతా పోతుంది కదా?

ఏలూరు_ఆప్టోమ్ | బుధవారం, రాత్రి 11.15

తమ్ముడూ, రేపే వెళ్లు. పరీక్షల దాకా ఆగొద్దు. మైనస్ ఎక్కువైన కంట్లో కనుగుడ్డు సాగి లోపలి రెటీనా పొర పలచబడుతుంది. తేలే చుక్కలు చాలామందిలో ప్రమాదం కావు. కానీ అవి కొత్తగా వచ్చినా, ఒక్కసారిగా పెరిగినా, చీకట్లో మెరుపుల్లా కనిపించినా, పక్క నుంచి తెర పడుతున్నట్లు అనిపించినా రెటీనా చిరిగి ఉండొచ్చు. చిరుగు దశలో చూస్తే చుట్టూ లేజర్ వేసి ఆపుతారు. ఊడిపోతే పెద్ద ఆపరేషన్, చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడమని నోరు తెరిచి అడుగు. వార్డెన్ ఒప్పుకోకపోతే ఇది చదివి అమ్మానాన్నలకు ఫోన్ చెయ్యి.

నువ్వు అడిగిన లేజర్ వేరు. అది నల్లగుడ్డు ఆకారాన్ని మార్చి అద్దం అవసరాన్ని తీసేస్తుంది. సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది, రెటీనా ప్రమాదం అలాగే ఉంటుంది. పద్దెనిమిది నిండడంతో పాటు కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి, నల్లగుడ్డు మందం సరిపోవాలి. నీకింకా పెరుగుతోంది. ఇంకో మాట, మన కుర్రాళ్లు చాలామంది రైల్వే లోకో పైలట్ ఉద్యోగాలకు చదువుతారు. దానికి అద్దాలు లేకుండా 6/6 ఉండాలి, లేజర్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు. రంగులు పోల్చలేకపోయినా అంతే. ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుని మెడికల్‌లో ఆగిపోయే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పదో తరగతిలోనే ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

సీమ_తల్లి (అనంతపురం) | గురువారం, ఉదయం 7.30

మా వాడికి పద్నాలుగు. మైనస్ పెద్దగా లేదు కానీ సిలిండర్ (నల్లగుడ్డు వంపు తేడాకు ఇచ్చే పవర్) ప్రతి చెకప్‌కీ పెరుగుతోంది. ఎండాకాలం వస్తే కళ్లు దురద, ఎర్రబడటం, ఒకటే నులుముకుంటాడు. మందుల షాపులో చుక్కలు తెచ్చి వేస్తే తగ్గుతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఏలూరు_ఆప్టోమ్ | గురువారం, ఉదయం 8.20

ఉందమ్మా, ఆలస్యం చేయకండి. ఎలర్జీతో కళ్లు గట్టిగా నులిమే పిల్లల్లో నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు రావచ్చు, కెరటోకోనస్ అంటారు. పదేపదే సిలిండర్ మారడం దానికి గుర్తు. నల్లగుడ్డు ఆకారాన్ని కొలిచే కార్నియా టోపోగ్రఫీ అనే స్కాన్ తీస్తే తెలుస్తుంది. ముదరకముందు పట్టుకుంటే నల్లగుడ్డును గట్టిపరిచే సీ3ఆర్ చికిత్సతో చాలామందిలో అక్కడితో ఆపగలుగుతారు, ముదిరితే నల్లగుడ్డు మార్పిడి దాకా వెళ్తుంది.

ఆ చుక్కల సీసా మీద పేరు డాక్టర్‌కి చూపించండి. వేయగానే తేలికపడే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ లేకుండా నెలల తరబడి వేస్తే కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, శుక్లం కూడా వస్తుంది. ఒత్తిడితో పోయిన చూపు తిరిగి రాదు.

పల్నాటి_అమ్మ | గురువారం, రాత్రి 9.15

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా అత్తయ్య గారికి బామ్మ గారి పోస్టు చదివి వినిపించాను. డాక్టర్లు చెప్పినప్పుడు వినని మనిషి, ఆ పెత్తల్లి కూతురి సంగతి వినగానే "సరే, ఆ రెండు గంటలు నేను కూర్చోబెడతా" అన్నారు.

ఇంకో రెండు సందేహాలు. ఏడేళ్లు దాటితే ఇక లాభం లేదని ఒకరు భయపెట్టారు, నిజమేనా? మా బాబుకు మూడేళ్లు, అక్షరాలు రావు. వాడినెలా పరీక్షిస్తారు?

మానేరు_నాన్న | గురువారం, రాత్రి 9.40

మూడేళ్లకు బొమ్మల కార్డులు ఉంటాయి అక్కా. ఇల్లు, ఆపిల్ లాంటివి. పేరు చెప్పలేకపోయినా చేతిలోని కార్డులో అదే బొమ్మను చూపిస్తే చాలు.

ఏలూరు_ఆప్టోమ్ | గురువారం, రాత్రి 10.05

అవును, అదీ రాకపోయినా ఇబ్బంది లేదు. చుక్కలు వేసి కంట్లోకి లైటు వేసి, ఆ వెలుగు కదిలే తీరును బట్టి పవర్ కొలుస్తాం. నెలల పిల్లలకూ అలాగే చేస్తాం. అక్కకు ఇంత ప్లస్ ఉంది కాబట్టి తమ్ముడిని ఈ నెలలోనే చూపించండి, బడిలో చేరేదాకా ఆగకండి. అక్క పాత చీటీ తీసుకెళ్లండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఎవరికైనా ఒక కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మాత్రం మర్నాడే వెళ్లాలి. అది చాలాసార్లు ఏమీ కాకపోవచ్చు, కానీ శుక్లం గానీ కంటి లోపల గడ్డ గానీ కావచ్చు.

వయసు సంగతి. చిన్నప్పుడు తొందరగా వస్తుంది, అది నిజం. అలాగని ఏడేళ్లతో తలుపు మూసుకుపోదు. 2005లో అమెరికాలో 507 మంది పెద్దపిల్లలపై వచ్చిన అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల వాళ్లలో అద్దాలతో పాటు ప్యాచ్, చుక్కలు, దగ్గరి పని చేయించినప్పుడు 53 శాతం మందికి రెండు వరుసలు, అంతకన్నా ఎక్కువ మెరుగైంది. అద్దాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 25 శాతం. అంతకుముందు ఏ చికిత్సా తీసుకోని 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో కూడా కొందరికి లాభం కనిపించింది. మీ పాపకు ఆరే.

ఇప్పుడే అద్దాలు మొదలుపెట్టండి, నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా. మొదట్లో మసకగా ఉందంటుంది, కండరం వదులు కావడానికి కొన్నాళ్లు పడుతుంది, తీయనివ్వకండి. చెకప్ తేదీకి వెళ్లినప్పుడు అద్దాలతోనే ఎడమ కన్ను ఎంత చదువుతోందో రాయించుకోండి. ఒక్కోసారి అద్దాలతోనే రెండు మూడు వరుసలు పెరుగుతాయి. అది చూశాకే ప్యాచ్ గంటలు ఖరారు చేస్తారు.

బామ్మ_కబుర్లు | శుక్రవారం, ఉదయం 6.05

అమ్మాయీ, అత్తగారికి నా నమస్కారం చెప్పు. పాపను పెసలు, మినుములు ఏరించేటప్పుడు ఎదురుగా కూర్చోమను, పక్కన కూర్చుంటే ప్యాచ్ కింద నుంచి చూస్తోందో లేదో తెలియదు. ఇంటర్ చదివే మనవడా, ఆసుపత్రికి వెళ్లావా లేదా? ఏం చెప్పారో ఇక్కడ రాయి.

ఇంటర్_బైపీసీ | శుక్రవారం, సాయంత్రం 6.30

వెళ్లాను బామ్మా, నాన్న వచ్చి తీసుకెళ్లారు. కుడి కంట్లో రెటీనా అంచున ఒక చోట చిన్న చిరుగు ఉందన్నారు. ఇవాళే చుట్టూ లేజర్ వేశారు. మళ్లీ రమ్మన్న రోజున రెండో కన్ను కూడా చూస్తారట. మా రూములో ఇంకో ఇద్దరికి మైనస్ 6 పైనే ఉంది, వాళ్ల ఇళ్లకు నాన్నే ఫోన్ చేస్తున్నారు.